చలాన్ వచ్చిందా? కట్టే ముందు ఫొటో చూడండి

ఫోనుకు చలాన్ సందేశం రాగానే కొందరు తిట్టుకుంటూ అప్పటికప్పుడే కట్టేస్తారు. ఎక్కువమంది పక్కన పడేసి, ప్రభుత్వం రాయితీ ఎప్పుడు ప్రకటిస్తుందా అని చూస్తుంటారు. నేను హైదరాబాద్ ట్రాఫిక్‌లో కానిస్టేబుల్‌గా చేరి, ఎస్సైగా పదవీ విరమణ చేశాను. ఎండలో నిలబడి చలాన్ పుస్తకం రాసిన చేత్తోనే తరువాత కెమెరా పట్టాను. అప్పటికప్పుడే కట్టేయడం, పక్కన పడేయడం, ఈ రెండు దారులూ మీకు మేలు చేయవు, పోలీసు శాఖకు అసలే చేయవు.

చలాన్ కరెంటు బిల్లు లాంటిది కాదు. ఫలానా తేదీన, ఫలానా చోట మోటారు వాహనాల చట్టంలోని ఫలానా సెక్షనును మీరు ఉల్లంఘించారని ప్రభుత్వం మోపే అభియోగం అది. మోపినవారు ఆధారం చూపాలి. నిజమైతే మీరు ఒప్పుకొని కట్టాలి, కాకపోతే కాదని రాతపూర్వకంగా చెప్పాలి. ఈ చివరి పని చేసేవారు చాలా తక్కువ. అందుకే తప్పుడు చలాన్లు రాసే పద్ధతీ మారదు, తప్పుడు చోట్ల పెట్టిన బోర్డులూ కదలవు. ఆ పని ఎలా చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా, వచ్చిన సందేశం నిజమైనదేనా చూసుకోండి. చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపి, దాన్ని ఇన్‌స్టాల్ చేసుకోగానే బ్యాంకు ఖాతా ఖాళీ చేసే మోసాలు జరుగుతున్నాయి. సందేశంలోని లింకు నొక్కకండి. మీరే రాష్ట్ర పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైటు గానీ, కేంద్ర రవాణా శాఖ పరివాహన్ సైటు గానీ తెరిచి బండి నంబరు కొట్టి చూడండి. అక్కడ కనబడని చలాన్ మీకు లేనట్టే.

ఫొటోలో ఏమి చూడాలి

చలాన్ తెరిస్తే పక్కన ఫొటో ఉంటుంది. దాన్ని పెద్దది చేసి చూడండి. మొదట నంబరు ప్లేటు. ఫొటో తీసేది ఒకరు, దాన్ని చూసి నంబరు ఎక్కించేది ఇంకొకరు. ఇంగ్లిషు అక్షరం బి, అంకె 8 ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. డి అక్షరం సున్నాలా కనిపిస్తుంది. ప్లేటు మీద బురద ఉన్నా, సోకు కోసం వంకర అక్షరాలు రాయించుకున్నా ఎవరి చలానో ఇంకెవరికో పోతుంది. ఎర్ర స్కూటరు చేసిన తప్పుకు నల్ల మోటారు సైకిలు యజమానికి చలాన్ పోయిన సందర్భాలు నాకు తెలుసు. బండి మోడల్, రంగు, అద్దాలు, వెనక స్టిక్కర్లు, సొట్టలు అన్నీ పోల్చుకోండి.

నంబరు సరిగ్గానే ఉండి, బండి మాత్రం మీది కాకపోతే ఎవరో మీ నంబరు తగిలించుకొని తిరుగుతున్నారన్న మాట. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే పోలీసులు ముందుగా వచ్చేది మీ ఇంటికే. చలాన్ సంగతి తరువాత, ముందు స్టేషనులో నంబరు దుర్వినియోగంపై ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ సమయానికి మీ బండి వేరే చోట ఉందని చూపే ఫాస్టాగ్ రికార్డు, సర్వీసింగ్ బిల్లు, పార్కింగ్ చీటీ లాంటివేవైనా ఉంటే జత చేయండి.

తరువాత నేరం ఫొటోలో కనబడుతోందా అన్నది చూడండి. సిగ్నల్ దాటారన్న చలాన్ అయితే ఎర్ర దీపం, స్టాప్ లైను, మీ బండి ఉన్న చోటు, మూడూ తెలియాలి. వెనక నుంచి తీసిన ఒక్క ఫొటోలో దీపమే కనబడకపోతే అది సిగ్నల్ దాటినట్టు ఎలా చెబుతుంది? స్టాప్ లైను దాటారన్న చలాన్‌కు రోడ్డు మీద ఆ గీత ఉండాలి కదా. హైదరాబాద్‌లో 2022 అక్టోబరులో ట్రాఫిక్ పోలీసుల ప్రత్యేక కార్యక్రమం ఆపరేషన్ రోప్ మొదలైనప్పుడు గీత దాటితే 100 రూపాయలు, ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డంగా నిలిస్తే 1,000 అని ప్రకటించారు. ఆలోచన మంచిదే. కానీ ఒక వానాకాలం గడిస్తే గీత మాసిపోతుంది. మాసిన గీతకు చలాన్ వస్తే, ఆ గీతను పగటి వెలుతురులో ఫొటో తీసి పెట్టుకోండి.

హెల్మెట్ చలాన్ల విషయంలో మాత్రం వాదనకు ఆస్కారం తక్కువ. తల మీద ఉందో లేదో ఎవరికైనా కనబడుతుంది. ట్యాంకు మీద పెట్టుకున్నాననీ, మోచేతికి తగిలించుకున్నాననీ చెప్పేవారికి నా దగ్గర సలహా లేదు. కట్టేయండి.

నిబంధన ఏమంటోంది

కెమెరాలతో రాసే చలాన్ల గురించి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 167ఎ అనే నియమం ఉంది. 2021 ఆగస్టులో చేర్చారు. రోడ్డు మీద పనిచేసిన పోలీసులకే చాలామందికి దీని సంగతి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఎలక్ట్రానిక్ పరికరాలతో నేరం నమోదైతే నోటీసు 15 రోజుల్లోగా పంపాలి. అందులో నేరాన్నీ నంబరు ప్లేటునూ చూపే ఫొటో, పరికరం కొలిచిన రీడింగు, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షను కింద అన్న వివరం ఉండాలి. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా చూపడానికి ఇచ్చే ధ్రువపత్రం కూడా ఉండాలి. పూర్వం ఇది సాక్ష్య చట్టం సెక్షన్ 65బి కింద ఉండేది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఇస్తారు. వాడే పరికరానికి ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. కెమెరాలతో నిఘా ఉన్న రోడ్డు మీద ఆ సంగతి చెప్పే బోర్డు ముందుగానే కనబడేలా పెట్టాలి.

మీ చలాన్‌లో వీటిలో ఏది లేదో గుర్తు పెట్టుకోండి. మీ అభ్యంతరానికి బలం అక్కడే ఉంటుంది.

వేగం చలాన్లకు ఇంకో రెండు మాటలు. ఫలానా వాడు వేగంగా వెళ్లాడని తనకు అనిపించిందన్న ఒక్క సాక్షి అభిప్రాయంతో శిక్ష వేయకూడదు, ఆ అంచనా పరికరంతో కొలిచినదై ఉండాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 183 చెబుతోంది. వేగం, ప్రమాదకర డ్రైవింగు కేసుల్లో శిక్ష వేయాలంటే అక్కడికక్కడే హెచ్చరించి ఉండాలి, లేదా 14 రోజుల్లో నోటీసు పంపాలి, లేదా 28 రోజుల్లో సమన్లు అందాలని సెక్షన్ 209 సాధారణ నియమం. పేరు, చిరునామా దొరకకపోవడం వంటి వాటికి మినహాయింపు ఉంది. మూడు నెలల తరువాత వేగం చలాన్ వచ్చి పడితే ఈ సెక్షను ప్రస్తావించి తేదీలు అడగండి.

అభ్యంతరం ఎలా రాయాలి

కోపం కాగితం మీద పెట్టకండి. ఆఫీసులో ఆ కాగితం చదివే మనిషికి రోజుకు వచ్చేవన్నీ తిట్లే. క్లుప్తంగా, తేదీలతో ఉన్న అర్జీ కనిపిస్తే ముందుగా తీసేది అదే. వెబ్‌సైటులోని ఫిర్యాదు విభాగంలో పెట్టండి, అదే కాగితాన్ని ఆ ప్రాంత ట్రాఫిక్ ఏసీపీ కార్యాలయంలో ఇచ్చి ఇంకో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. ఇలా రాస్తే చాలు:

"అయ్యా, నా వాహనం నంబరు ఇది. చలాన్ నంబరు ఇది, తేదీ ఇది. ఎర్ర దీపం దాటినట్టు రాశారు. ఫొటోలో సిగ్నల్ దీపం గానీ స్టాప్ లైను గానీ కనబడడం లేదు. నేరం జరిగినట్టు చూపే పూర్తి ఫొటో లేదా వీడియో, పరికరం ఆమోద పత్రం, ఎలక్ట్రానిక్ రికార్డు ధ్రువపత్రం ఇప్పించగలరు. అవి లేని పక్షంలో చలాన్ రద్దు చేయగలరు. నేను ఈ చలాన్‌ను అంగీకరించడం లేదు."

చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. మిగతాదంతా విన్నపమే, అదొక్కటే మీ వాదన. నోటీసు మీద రాసిన గడువు లోపలే ఇవ్వండి.

ఒకవేళ బండి మీదే అయినా ఆ రోజు నడిపింది మీరు కాకపోతే అబద్ధం చెప్పకండి. ఎవరు నడిపారని పోలీసులు అడిగితే చెప్పవలసిన బాధ్యత సెక్షన్ 133 కింద యజమానికి ఉంది. బామ్మర్దిని కాపాడబోయి మీరు ఇరుక్కోవద్దు.

రద్దు చేయకపోతే?

అప్పుడు రెండు మార్గాలు. సెక్షన్ 200 ప్రకారం కొన్ని నేరాలకు రాష్ట్రం నిర్ణయించిన మొత్తం కట్టి అధికారి దగ్గరే ముగించుకోవచ్చు, దీన్ని కాంపౌండింగ్ అంటారు. అలా ముగించుకోకపోతే కేసు మేజిస్ట్రేటు ముందుకు వెళ్తుంది. ఇక్కడ ఒక లెక్క తెలిసి ఉండాలి. 2019 సెప్టెంబరు 1 నుంచి కేంద్రం జరిమానాలు పెంచింది. హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు, మూడు నెలల లైసెన్సు అనర్హత. లైసెన్సు లేకుండా నడిపితే 5,000. తెలంగాణ ఆ పెంపును తన కాంపౌండింగ్ రేట్లలోకి తీసుకోలేదు. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో రేట్లు పెంచింది. అందుకే హైదరాబాద్ చలాన్ మీద ఉండే అంకె చట్టంలో చదివిన అంకె కన్నా చిన్నదిగా ఉంటుంది. కోర్టుకు వెళ్తే మేజిస్ట్రేటు చట్టంలోని మొత్తం దాకా వేయవచ్చు. ఆధారం మీ వైపు గట్టిగా ఉంటేనే వెళ్లండి, పంతానికి వెళ్లకండి.

వెళ్లిన రోజున కోర్టు హాలు బయట కనబడే మధ్యవర్తులు "నేరం ఒప్పుకోండి, పది నిమిషాల్లో అయిపోతుంది" అంటారు. ఒప్పుకుంటే నిజంగానే పది నిమిషాలే. కానీ మీ పేరు మీద నేరం నమోదవుతుంది, ప్రమాదకర డ్రైవింగు లాంటి సెక్షన్లలో మూడేళ్లలోపు రెండోసారి పట్టుబడితే శిక్ష రెండేళ్ల జైలు దాకా పెరుగుతుంది. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా చాలు. జాతీయ లోక్ అదాలత్ జరిగే రోజుల్లో రాజీ చేసుకోదగిన ట్రాఫిక్ కేసులు తీసుకుంటారు. అక్కడ తేలినదానిపై అప్పీలు ఉండదు కాబట్టి, తప్పు చేయలేదని నమ్మే కేసును అక్కడికి తీసుకెళ్లకండి.

అమ్మేసిన బండికి చలాన్లు వస్తున్నాయని మొత్తుకునేవారు చాలామంది. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి డీలరు చేతిలో పెట్టేస్తే పని అయిపోదు. అమ్మినవారు 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని సెక్షన్ 50 చెబుతోంది. పేరు మారేదాకా చట్టం కంటికి యజమాని మీరే. పేరు మారిన ఆర్‌సీ ప్రతి చూశాకే నిశ్చింతగా ఉండండి.

రోడ్డు మీద ఆపినప్పుడు

బండి పక్కకు తీసి ఆపండి, ఇంజను ఆపండి. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపాలి. ప్రభుత్వ యాప్‌లైన డిజీలాకర్‌లో, ఎంపరివాహన్‌లో ఉన్న పత్రాలు అసలు పత్రాలతో సమానం. 2018లో నియమం 139 మార్చి ఈ మాట స్పష్టంగా రాశారు. జిరాక్సు కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి చూపిస్తే మాత్రం అది చెల్లదు. తాళం లాక్కునే అధికారం ఏ సెక్షనూ ఇవ్వలేదు. అలాగని తాళం కోసం పెనుగులాడకండి, అధికారి పేరు పలక చూసి గుర్తు పెట్టుకొని తరువాత రాయండి. చేతికి నగదు ఇవ్వకండి, చలాన్ నంబరు అడగండి. "ఎంతో కొంత ఇచ్చి పో" అనే మాట విన్నప్పుడు మీరు ఇచ్చేది లంచమే. తీసుకున్నవాడి గురించి ఊరంతా చెప్పి, ఇచ్చినవాడి గురించి మౌనం వహించే అలవాటు మనకు బాగా ఉంది.

తాగి నడిపి దొరికినవారికి నా సాయం తక్కువ. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. దీన్ని రోడ్డు మీద ముగించుకోవడం కుదరదు, కోర్టుకు వెళ్లాల్సిందే. మీరు అడగగలిగినవి కొన్ని ఉన్నాయి. ఊదే గొట్టం కొత్తదిగా ఉండాలి, రీడింగు చీటీ మీ ముందే రావాలి. పక్కన తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే బండి అతనికి అప్పగించాలనీ, లేకపోతే బంధువును పిలిపించుకోనివ్వాలనీ 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఆ తీర్పు బండి గురించి మాత్రమే, కేసు కొట్టేయమని కాదు.

పదో తరగతి పిల్లాడికి స్కూటీ తాళం ఇచ్చే తల్లిదండ్రులు సెక్షన్ 199ఎ ఒక్కసారి చదవండి. పిల్లవాడు నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

చలాన్ల నుంచి చౌరస్తా దాకా

నా అసలు బాధ ఇక్కడ ఉంది. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగు చలాన్ల మీద ద్విచక్ర వాహనాలకు 75 శాతం రాయితీ ఇచ్చారు. 2023 డిసెంబరు 26 నుంచి మళ్లీ ఇచ్చారు, ఈసారి 80 శాతం. ఆర్టీసీ బస్సులకైతే 90. ఖజానాకు డబ్బు వచ్చింది. కానీ మర్నాడే కట్టినవాడు నష్టపోయాడు, రెండేళ్లు ఎగ్గొట్టినవాడు లాభపడ్డాడు. ఇది చూశాక చలాన్ రాసే కానిస్టేబుల్‌కు ఏ గౌరవం మిగులుతుంది? 15 రోజుల్లో కట్టినవారికి కొంచెం తగ్గించి, ఆలస్యమైన కొద్దీ పెంచుతూ పోతే ఈ తలనొప్పి ఉండేది కాదు.

రెండో బాధ, శాఖ పనిని చలాన్ల సంఖ్యతో కొలవడం. ఒక చౌరస్తాలో ఒకే రకం చలాన్లు నెలనెలా కుప్పలుగా పడుతున్నాయంటే అక్కడ జనంతో పాటు రోడ్డు కూడా తప్పు చేస్తోందని అర్థం. యూటర్న్ కిలోమీటరు దూరం పెడితే రాంగ్ రూట్ బళ్లు వస్తాయి. మీడియన్ పక్కన కెమెరా పట్టుకొని నిలబడి అవి వచ్చినవి వచ్చినట్టు ఫొటోలు తీయడం నేనూ చేసిన డ్యూటీయే. వేగ పరిమితి బోర్డు చెట్టు కొమ్మల్లో దాగితే వేగం చలాన్లు పెరుగుతాయి. ఆ లెక్కలు చదివి రోడ్డు సరిచేయాలి, ఇంకో కెమెరా పెట్టి ఊరుకోకూడదు.

ఈ పని కాలనీ సంఘాలు చేయించగలవు. ఒక్క చౌరస్తాను ఎంచుకోండి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో కమిషనరేటు ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. ఆ చౌరస్తాలో గత ఏడాది ఏ సెక్షను కింద ఎన్ని చలాన్లు రాశారు, అక్కడ ఎన్ని ప్రమాదాలు జరిగాయి, అక్కడి వేగ పరిమితిని ఏ నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించారు, వాడిన స్పీడ్ గన్‌కు ఆమోద పత్రం ఎప్పటి వరకు ఉంది, ఎన్ని అభ్యంతరాలు వచ్చాయి, వాటిలో ఎన్ని రద్దయ్యాయి అని అడగండి. చివరి ప్రశ్న నాకు అన్నిటికన్నా ఇష్టం. ఎన్ని రాశామో పత్రికలకు చెబుతారు, ఎన్ని తప్పుగా రాశామో ఎవరూ చెప్పరు.

జవాబు చేతికి వచ్చాక చౌరస్తా ఫొటోలు జత చేసి కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అర్జీ ఇవ్వండి. ఒక కోరిక మాత్రమే కోరండి: బోర్డు జరపమనో, గీత కొత్తగా వేయమనో, యూటర్న్ దగ్గరికి తెమ్మనో. పది కోరికలు రాస్తే పదీ ఫైలులోనే ఉంటాయి. మీ నగర మున్సిపాలిటీకి కూడా ఒక ప్రతి పంపండి, ఎందుకంటే రోడ్డు వారిది, చలాన్ మాత్రమే పోలీసులది. రోడ్డు డిజైను, నిర్వహణ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణమో అంగవైకల్యమో జరిగితే బాధ్యుడైన అధికారికి గానీ కాంట్రాక్టరుకు గానీ లక్ష రూపాయల వరకు జరిమానా వేసే సెక్షన్ 198ఎ ఉందని అర్జీ కింద ఒక వాక్యం చేర్చండి. బెదిరింపుగా రాయవద్దు, గుర్తు చేయడమే.

పోలీసు బండి రాంగ్ రూట్‌లో వస్తే ఏమిటని కాలనీ సమావేశంలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. దానికీ జవాబు ఉంది. చట్టాన్ని అమలు చేసే అధికారం ఉన్నవారే నేరం చేస్తే జరిమానా రెట్టింపు, సెక్షన్ 210బి. నంబరు, సమయం, స్థలం కనబడేలా ఫొటో తీసి ట్రాఫిక్ విభాగానికి పంపండి, మామూలు పౌరుడి మీద పంపినట్టే. నడుపుతూ మాత్రం తీయకండి. చేతిలో ఫోను పట్టుకొని నడపడం సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగు, అది మీ చలాన్ అవుతుంది.

సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిపోకపోయినా, ఆ తరువాత 30 రోజుల లోపు అదే కార్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి రాయండి. అప్పీలుకు మొదటి దరఖాస్తు ప్రతి, తపాలా రసీదు జత చేయండి.